రెండు పొట్లాల సంగతి

వదినా, ఆ దుప్పట్లు ఆరేయడం అయ్యాక ఒకసారి ఇటు గోడ దగ్గరికి రండి. పప్పు కుక్కర్‌లో పడేసి వచ్చాను, కూత ఇక్కడికి వినిపిస్తుందిలెండి. మొన్న మీరు చూపించారే, మీ చిన్నోడు స్టాక్‌హోమ్ నుంచి తెచ్చుకున్న గుండ్రటి డబ్బా, దాని గురించి మాట్లాడాలి మీతో. "సిగరెట్ మానేశాడు వదినా, ఇందులో పొగే లేదట, ఇంకేం భయం" అన్నారు మీరు. మానేశాడంటే నాకూ సంతోషమే. కానీ ఆ రెండో మాట నా మనసులో ఉండిపోయింది.

ఆ డబ్బాలో ఉన్నది పొగాకు కాదు. నికోటిన్‌ని తెల్లటి పొడిలో కలిపి, పుదీనా వాసనేదో తగిలించి, వేలిగోరంత సంచుల్లో నింపుతారు. పై పెదవికీ చిగురుకీ మధ్య ఒకటి పెట్టుకుంటే కాసేపు నెమ్మదిగా దిగుతుంది. దీనికి ముందు నుంచీ స్వీడన్‌లో స్నూస్ అని ఒకటుంది. అది మాత్రం అచ్చంగా పొగాకే, తడి పొడి. యూరోపియన్ యూనియన్ 1992లో అలాంటి నోటి పొగాకు అమ్మకూడదని నిషేధం పెడితే, 1995లో స్వీడన్ ఆ యూనియన్‌లో చేరేటప్పుడు మా స్నూస్ మాకు వదిలెయ్యండి అని మినహాయింపు తీసుకుని మరీ చేరింది. ఇవాళ అక్కడ రోజూ సిగరెట్ కాల్చేవాళ్లు నూటికి ఐదారుగురికి మించరు. యూరప్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయే మగవాళ్లు తక్కువున్న దేశాల్లో అదొకటి. కాబట్టి మీవాణ్ణి తిట్టకండి. సిగరెట్ పెట్టె జేబులో పెట్టుకుని తిరిగే రోజులతో పోలిస్తే వాడు మెట్టు దిగాడు.

కాకపోతే ఏమీ లేదనీ అనుకోకండి. నికోటిన్ నికోటినే. గుండె వేగం పెంచుతుంది, బీపీ పెంచుతుంది, అది లేకపోతే తోచనివ్వదు. మా ఒంగోలు వైపు పొగాకు చేలల్లో పొద్దున్నే మంచుతడితో ఉన్న ఆకు కోసే కూలీలకి కళ్లు తిరిగి వాంతులయ్యేవి. పొగ లేదు, నమిలిందీ లేదు, తడి ఆకు రసం చర్మంలోంచి ఎక్కడమే దానికి కారణం. అంత గట్టిది అది. మీ మనవరాలు పాకుతూ తిరిగే ఇల్లు కదా, ఆ డబ్బా ముందు బీరువా పైన పెట్టించండి. పిప్పరమెంటు అనుకుని నోట్లో పెట్టుకుందంటే ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే.

అసలు నేను చెప్పాలనుకున్నది మీవాడి గురించి కూడా కాదు వదినా. వాడికి చదువుంది, డాక్టరుంది, కంపెనీ ఇన్సూరెన్సుంది. మన వెనక సందులో కొత్త పీజీ కడుతున్నారే, అక్కడి మేస్త్రి గురించి.

కళ్యాణదుర్గం దగ్గరి మనిషి అతను. తెలుగు వినపడితే చాలు, మంచినీళ్లకి మన గేటు దగ్గరికే వస్తాడు. ఆమధ్య గోంగూర పచ్చడి చేసినప్పుడు అన్నంలో కలిపి పెట్టాను. రాయలసీమ మనిషి, కారానికి వెరిచే రకమా? ఒక్క ముద్ద పెట్టుకుని కళ్లనీళ్లు తిరిగి పక్కన పెట్టేశాడు. "కారం పడ్డం లేదమ్మా, నోరంతా మంట. పెరుగన్నం ఉంటే పెట్టండి" అన్నాడు. ఆ పెరుగన్నం కూడా స్పూన్ అడిగి, పెదాల సందులోంచి కొంచెం కొంచెంగా తోసుకున్నాడు. చేతి ముద్ద పట్టేంత నోరు తెరుచుకోవడం లేదతనికి.

మా చెల్లెలి కూతురు డెంటల్ చదువుతోంది కదా, అది చెప్పింది ఎలా చూడాలో. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు మూడూ కలిపి నిలువుగా పైపళ్లకీ కిందిపళ్లకీ మధ్య పెట్టుకోవాలట. బాగున్నవాళ్లకి పడతాయి. మీరిప్పుడే పెట్టి చూడండి, పడతాయి. మేస్త్రికి రెండు వేళ్లు కూడా పట్టలేదు. బుగ్గల లోపల మెత్తగా ఉండాల్సిన చర్మం నారలు నారలుగా బిగుసుకుపోతుందట. కారం మంట దానికి తొలి గుర్తు. వక్కలో ఉండే గుణం వల్ల వస్తుంది అది, కొందరిలో క్యాన్సర్‌కి దారి తీస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, పొగాకు కలవకపోయినా వక్క ఒక్కటే మనిషికి క్యాన్సర్ తెస్తుందని 2004లోనే తేల్చి ప్రకటించింది. తాంబూలంలో వక్క వేసుకునే ఇంట్లో పుట్టిన మనకి ఈ మాట మింగుడుపడదు, నాకూ పడలేదు. కానీ భోజనం తర్వాత ఎప్పుడో ఒక తాంబూలం వేరు, మేస్త్రిలా పొద్దున లేచింది మొదలు బుగ్గన ఒక పొట్లం వేరు.

ఆ పొట్లం ఎలా తయారవుతుందో ఈసారి మెయిన్ రోడ్డు మీద కాండిమెంట్స్ కొట్టు ముందు ఒక్క నిమిషం నిలబడి చూడండి. రంగురంగుల పొట్లాలు సరాలు సరాలుగా వేలాడుతుంటాయి, చిప్స్ పొట్లాల పక్కనే. మనిషి వచ్చి నోరు తెరిచి ఏమీ అడగడు, రెండు వేళ్లు చూపిస్తాడు. కొట్టువాడు ఒక పెద్ద పొట్లం, ఒక బుల్లి పొట్లం తెంపి ఇస్తాడు. పెద్దది పాన్ మసాలా, అందులో వక్క, సున్నం, కాచు, సువాసన ఉంటాయి, పొగాకు ఉండదు. బుల్లిది ఉత్త పొగాకు. పెద్దదాన్ని పంటితో చింపి, బుల్లిదాన్ని అందులోకి వంపి, మూతి నొక్కిపట్టి గలగలా ఆడించి నోట్లో పోసుకుంటాడు. అయిపోయింది, గుట్కా. ఫ్యాక్టరీలో కలిపితే నేరం, ఫుట్‌పాత్ మీద కొనుక్కున్నవాడు కలుపుకుంటే కాదు.

గుట్కా ఎప్పుడో నిషేధించారు కదా అంటారు మీరు. నిషేధించారు. 2011లో ఆహార భద్రత నిబంధనల్లో, ఏ తినుబండారంలోనూ పొగాకు గానీ నికోటిన్ గానీ కలపకూడదని రాశారు. దాన్ని పట్టుకుని 2012 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్ మొదలుపెట్టింది, 2013 జనవరిలో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, అదే ఏడాది మే 31న, పొగాకు వ్యతిరేక దినం నాడు, కర్ణాటక. మంచి పనే. నిషేధం వచ్చిన కొద్ది రోజులకే కలిపిన పొట్లం కాస్తా రెండు పొట్లాలయింది. 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ జంట పొట్లాల సంగతి కూడా పట్టించుకుని, నిషేధం సరిగ్గా అమలు చెయ్యమని రాష్ట్రాలకి చెప్పింది. అయినా సరాలు వేలాడుతూనే ఉన్నాయి.

ఆ చట్టంలో ఇంకో మెలిక ఉంది. ఆహార భద్రత కమిషనర్ ఒకసారి ఇచ్చే నిషేధం ఏడాదికి మించి ఉండదు. అందుకని ఏటేటా మళ్లీ కొత్త ఉత్తర్వు తియ్యాలి. తెలంగాణ అలాగే 2024 మేలో ఇంకో ఏడాదికి పొడిగించింది. ఏటా కొత్త ఉత్తర్వు, ఏటా కోర్టుకి వెళ్లడానికి కంపెనీలకి కొత్త అవకాశం. తమిళనాడులో 2023 జనవరిలో హైకోర్టు కొట్టేస్తే, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. పొగాకు ఆహారమా కాదా అని ఇంకెన్నాళ్లు వాదించుకుంటారు? నోట్లో వేసుకునేదే కదా. శాశ్వతంగా ఉండేలా పార్లమెంటే ఒక చట్టం చెయ్యాలి అంటాను నేను. ఆ చట్టంలో, పక్కపక్కన పెట్టి జంటగా అమ్మే పొట్లాన్ని కూడా గుట్కా అనే లెక్కేయాలి.

చెయ్యలేకా అంటే, కాదు వదినా. ఈ-సిగరెట్ల విషయంలో చేశారు. మన కర్ణాటక 2016 జూన్‌లోనే వాటిని నిషేధించింది. కేంద్రం 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్స్ తెచ్చి, డిసెంబరుకల్లా చట్టం చేసింది. తయారుచేసినా, దిగుమతి చేసుకున్నా, అమ్మినా, ప్రకటన వేసినా మొదటిసారి ఏడాది వరకు జైలు, లక్ష దాకా జరిమానా. పొగాకుని కాల్చకుండా వేడి మాత్రమే చేసే పరికరాలూ అందులోకే వస్తాయి. పిల్లలకి అలవాటు కాకుండా ఆపాలని చేశారు, దాన్ని నేను తప్పుపట్టను. మన చుట్టూ ఇన్ని కాలేజీలు, ఇన్ని పీజీలు. పండ్ల వాసన వేసే ఆ ఆవిరి సరదా ఎంత తొందరగా పాకుతుందో మీకూ తెలుసు.

కానీ దేశంలో ఎవరు దేనికి బలవుతున్నారో చూడండి. 2016-17లో ప్రభుత్వమే చేయించిన పెద్ద సర్వే ఉంది. పెద్దవాళ్లలో నూటికి 10.7 మంది పొగ తాగుతారు, 21.4 మంది పొగ లేని పొగాకు వాడతారు. సరిగ్గా రెట్టింపు! కర్ణాటకలోనూ దాదాపు అంతే, 8.8కి 16.3. పొగ తాగొద్దని సినిమా మొదలయ్యే ముందు చెప్పడం తెలుసు, ఆఫీసుల్లో పొగ తాగే గదులు కట్టడం తెలుసు. ఈ నమిలేవాళ్లు మాత్రం ఎవరి కంటా పడరు. పొగ పక్కవాడి ముక్కుకి తగులుతుంది కాబట్టి పక్కవాడు గొడవ చేస్తాడు. ఖైనీ ఎవరినీ ఇబ్బంది పెట్టదు, అది పెట్టుకున్న మనిషి బుగ్గని తప్ప. కుందలహళ్లి మెట్రో మెట్ల దగ్గర ఎర్రమరకలు చూసి మనం విసుక్కుంటాం. మరక వేసినవాడి నోరు ఎలా ఉందో ఎవరం అడిగాం?

స్నూస్‌కీ మన ఖైనీకీ పోలికేంటని మీవాడు అడగొచ్చు, అడగనివ్వండి. స్నూస్‌ని ఆవిరి మీద వేడిచేస్తారు, దాంతో క్యాన్సర్ తెచ్చే నైట్రోసమైన్లు బాగా తగ్గుతాయి. మన ఆకుని ఎండబెట్టి, పులియబెట్టి, పైన సున్నం కలుపుతారు. సున్నం తగలగానే నికోటిన్ విడివడి బుగ్గలోంచి సర్రున ఎక్కుతుంది, నైట్రోసమైన్లు ఎక్కడికీ పోవు. గుట్కా అయితే దానికి వక్క తోడు. స్వీడన్ లెక్కలు చూపించి ఇక్కడ ఖైనీ మంచిదని ఎవరైనా అంటే నమ్మకండి. పొగ ఉందా లేదా అన్నది కాదు చూడాల్సింది, నోట్లోకి వెళ్లేదాంట్లో ఏముందన్నది. చట్టం కూడా అలాగే కొలవాలి.

మా అత్తగారిది టెక్కలి వైపు. ఆవిడ చిన్నప్పుడు ఊళ్లో ముసలమ్మలు చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని పీల్చేవారట, అడ్డపొగ. మాటలాడుతూనే, పని చేసుకుంటూనే. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది నోళ్లు పరీక్షించి, అంగిట్లో ఎలాంటి మచ్చలు, పుళ్లు పడుతున్నాయో డాక్టర్లు 1971లో ఒక బ్రిటిష్ పత్రికలో రాశారు. అంత చూశారు, అంత తెలిసింది. అయినా ఆ ఆడవాళ్లకి మానడంలో సాయపడేవాళ్లు ఆ ఊళ్లలో ఎవరుండేవారు? అదే నాకు కోపం. నోళ్లు లెక్కపెట్టడం వచ్చింది, మాన్పించడం మీదే ఎప్పుడూ చూపు తక్కువ.

మాన్పించే దారులు లేవా అంటే ఉన్నాయి. నికోటిన్ గమ్ ఉంది. 2 మిల్లీగ్రాములదైతే మందుల చీటీ అక్కర్లేదు, అమ్మడానికి మందుల లైసెన్సూ అక్కర్లేదు. 4 మిల్లీగ్రాములదైతే డాక్టర్ రాయాలి. 2022లో కేంద్రం అత్యవసర మందుల జాబితా సవరించినప్పుడు మానడానికిచ్చే నికోటిన్‌ని అందులో చేర్చింది. ఇదొక మందు అని ప్రభుత్వమే ఒప్పుకుందన్నమాట. మరి మందుని మందులా అమ్మాలి కదా! రంగుల పొట్లంలో, పుదీనా రుచి, పండ్ల రుచి అని కౌంటర్ మీద బబుల్‌గమ్ పక్కన పెడితే, ఎప్పుడూ సిగరెట్ ముట్టని పిల్లాడు సరదాకి కొంటాడు. కొనాల్సిన మేస్త్రికేమో అలాంటిదొకటి ఉందనే తెలియదు. తెలిసినవాళ్లకీ వాడకం ఎవరూ చెప్పరు. అది మామూలు గమ్‌లా నమిలేది కాదట. కాస్త నమిలి, నాలుకకి చురుక్కుమనగానే బుగ్గన పెట్టి వదిలెయ్యాలి, మళ్లీ కాసేపటికి కాస్త నమలాలి. కాఫీ తాగిన వెంటనే వేసుకుంటే సరిగ్గా ఎక్కదు. నోరే తెరుచుకోని మేస్త్రి లాంటివాళ్లకి గమ్ నమలడం కష్టం, ప్యాచ్ లాంటిదో, మాత్రో డాక్టరే చూసి చెప్పాలి. అందుకే అంటున్నాను, గమ్ అయినా, మీవాడి సంచులైనా, మానేవాళ్ల చేతికి అందాలి, కొత్తవాళ్ల చేతికి అందకూడదు. ఇంటి పక్క మందుల షాపులో, వయసు చూసి, వాడకం చెప్పి, చవగ్గా ఇవ్వాలి. కొట్టు ముందు వేలాడకూడదు.

వయసంటే గుర్తొచ్చింది. కర్ణాటకలో పొగాకు కొనే వయసు 18 నుంచి 21కి పెంచారు, తెలుసా మీకు? 2024 ఫిబ్రవరిలో శాసనసభలో చేసిన సవరణకి రాష్ట్రపతి ఆమోదం వచ్చి, 2025 మే నెలాఖరుకి అమల్లోకి వచ్చింది. హుక్కా బార్లు మూసెయ్యాలి. సిగరెట్లు విడిగా ఒకటీ రెండూ అమ్మకూడదు. స్కూళ్లకీ కాలేజీలకీ 100 మీటర్ల లోపు అసలు అమ్మకూడదు. బహిరంగ స్థలాల్లో వాడితే జరిమానా 200 నుంచి 1,000 అయింది. మన ఏఈసీఎస్ లేఔట్ నుంచి గ్రాఫైట్ ఇండియా సిగ్నల్ దాకా నడుస్తూ, ఏ స్కూలు గేటు నుంచి ఏ కొట్టు ఎంత దూరమో చూసుకుంటూ రండి, కాగితం మీద చట్టం ఎంత బాగుందో రోడ్డు మీద ఎంత పల్చగా ఉందో తెలుస్తుంది. 2017లో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకి ఇంకో మాట కూడా రాసింది: పొగాకు అమ్మే కొట్లకి విడిగా అనుమతి ఉండాలి, అక్కడ చాక్లెట్లు, బిస్కెట్లు, చిప్స్ అమ్మకూడదని. అది గనక జరిగితే సగం సరాలు వాటంతటవే దిగిపోతాయి. పిల్లలకి చాక్లెట్ అమ్ముకునే కొట్టు ఆ గిరాకీ వదులుకోదు కదా.

కొట్టువాళ్ల పొట్ట కొట్టమని కాదు నేననేది. పొగాకు పొలాల మధ్య పెరిగినదాన్ని, ఆ పంట మీద పెళ్లిళ్లయిన ఇళ్లు, చదువులయిన పిల్లలు నాకు తెలుసు. గుంటూరులో పొగాకు బోర్డు ఉంది, వేలం కేంద్రాలున్నాయి. ఇక్కడ శివమొగ్గ, దక్షిణ కన్నడ రైతులకి వక్కతోటలున్నాయి, పాన్ మసాలా జోలికెళ్లాలంటే ప్రభుత్వాలు వెనకాడేది అందుకే. రైతుకి వేరే పంట మీద అదే రాబడి చూపించే బాధ్యత ప్రభుత్వానిది. ఆ బరువు మేస్త్రి బుగ్గ మీద వెయ్యకూడదు.

ఆదివారం మన లేఔట్ అసోసియేషన్ మీటింగులో మాట్లాడదామనుకుంటున్నాను. స్కూలు పక్కనున్న కొట్లవాళ్లతో ముందు మర్యాదగా మాట్లాడదాం, కన్నడం బాగా వచ్చినవాళ్లు మీరు, మీరుంటే బాగుంటుంది. వినకపోతే అప్పుడు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇద్దాం. కట్టుబడి జరిగే చోట్ల ఒక బోర్డు పెట్టిద్దాం, పొగాకు మాన్పించే హెల్ప్‌లైన్ నంబరు రాసి. 1800-11-2356. ఉచితం. 2018 నుంచి పొగాకు పొట్లాల మీదా ఇదే నంబరు అచ్చువేస్తున్నారు, ఎవరూ చదవరంతే. మన నిమ్హాన్స్ ఆసుపత్రిలోనే దక్షిణాది భాషల వాళ్ల కోసం ఆ ఫోన్లు తీసుకునే కేంద్రం ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. మేస్త్రికి ఆ మాట చెబితే, "తెలుగులోనా? బెంగళూరులోనా?" అని రెండుసార్లు అడిగాడు.

ఫోన్ ఒక్కటీ చాలదు వదినా, ఆ నోరు డాక్టర్ చూడాలి. ముందు డెంటల్ కాలేజీలో చూపించి, వాళ్లు రాసిస్తే కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకెళ్దామని మావారు అన్నారు. మేస్త్రి వస్తానంటాడు, మళ్లీ సైట్‌లో స్లాబ్ పని ఉందంటాడు. అసలు సంగతి, ఒక రోజు పోతే ఆ రోజు కూలి పోతుంది, ఇంటికి పంపాల్సిన డబ్బు తగ్గుతుంది. ఆ రోజు కూలి మన రెండిళ్లూ కలిసి ఇద్దామా, ఏమంటారు? మీరు సరేనంటే బుధవారం పొద్దున్నే రమ్మని చెప్పేస్తాను.